గండం గడిచిందనుకున్న రాత్రి

“మళ్ళీ లేస్తాను కదా డాక్టర్?”

థియేటర్లో బల్ల మీద పడుకోబెట్టి, చేతికి సూది పెట్టి, ఆక్సిజన్ మాస్కు మొహం దగ్గరికి తెచ్చేసరికి చాలామంది అడిగే మాట ఇదే. నోరు తెరిచి అడగనివాళ్ళు కళ్ళతో అడుగుతారు. మత్తు డాక్టరుగా ఇరవై ఏళ్ళ నుంచి నా జవాబు ఒక్కటే: “లేస్తారు. లేపే పూచీ నాది.” ఆ మాట మీద నాకు నమ్మకం ఉంది. అయినా ఈ నాలుగేళ్ళుగా అది చెప్పిన ప్రతిసారీ ఏదో దాటవేస్తున్నట్టు అనిపిస్తోంది. లేస్తారా లేదా అని వణకాల్సిన కాలం దాదాపుగా పోయింది. జాగ్రత్త పడాల్సింది లేచిన తర్వాత. ఆ సంగతి వాళ్ళు అడగరు, నేను చెప్పను.

ఇది ఆ చెప్పని సంగతి గురించి రాస్తున్నది. మా వృత్తి మీద కొంత ఫిర్యాదు, నా మీద నాకున్న ఫిర్యాదు ఇంకాస్త.

ముందు ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో విలియం మార్టన్ అనే పళ్ళ డాక్టరు ఒక రోగికి మత్తు కలిగించే ఈథర్ పీల్పించాడు, సర్జన్ అతని మెడ మీది గడ్డకి ఆపరేషన్ చేశాడు. చూస్తున్నవాళ్ళు నోరు వెళ్ళబెట్టారు. రెండేళ్ళు తిరగకుండానే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి కాలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫామ్ పీల్చి, ఆ పడక మీదే ప్రాణం విడిచింది. గోరు కోసం! మత్తంటే జనానికి భయం పట్టుకుందంటే పట్టుకోదూ మరి. వందేళ్ళు గడిచాక కూడా పరిస్థితి గొప్పగా ఏమీ లేదు. బీచర్, టాడ్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు పది ఆసుపత్రుల్లో ఐదేళ్ళపాటు దాదాపు 6 లక్షల కేసుల లెక్క తీసి 1954లో అచ్చువేశారు. ప్రతి 1,560 కేసులకీ మత్తు కారణంగా ఒక చావు. ఇవాళ సౌకర్యాలున్న ఆసుపత్రిలో, వేరే జబ్బులేవీ లేని మనిషికి, కేవలం మత్తు వల్ల ప్రాణం పోవడం లక్ష మందిలో ఒకరు అన్న దరిదాపులకి వచ్చింది.

దీని వెనక మంత్రాలేమీ లేవు. వేలికి పెట్టే క్లిప్పు సంగతే చూడండి. 1970ల మొదట్లో జపాన్ ఇంజనీరు తకువో అవోయాగి వేరే ఏదో కొలుద్దామని కూర్చుంటే, నాడి కొట్టుకున్నప్పుడల్లా గీత అటూ ఇటూ ఊగి లెక్క పాడుచేస్తోంది. ఆ చిరాకు పెట్టే ఊపులోనే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో దాగుందని అతనికి తట్టింది. ఆ తర్వాత ఊపిరితో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని చూపించే గీత వచ్చింది. గొట్టం శ్వాసనాళంలోకి వెళ్ళిందా, పొరపాటున అన్నవాహికలోకి పోయిందా అన్నది నాలుగైదు శ్వాసల్లో తేలిపోతుంది. వీటన్నిటికంటే పెద్ద సంగతి ఏమిటంటే, థియేటర్లో ఒక మనిషికి ఒక మత్తు డాక్టరు, మొదటి నుంచి చివరిదాకా, పక్కనుంచి కదలకుండా ఉంటారు. ఆ గుండె కొట్టే ప్రతి దెబ్బా నాకు వినిపిస్తూ ఉంటుంది. ఆక్సిజన్ తగ్గితే మానిటర్ శబ్దం శ్రుతి దిగుతుంది, అటు తిరిగి మందు కలుపుతున్నా చెవికి తెలిసిపోతుంది.

ఆపరేషన్ అయ్యాక రికవరీ గదిలో ఓ గంట. ఆ తర్వాత వార్డు. పొట్ట కోసి, పేగు కత్తిరించి, నొప్పికి మార్ఫిన్ ఎక్కించిన అదే మనిషిని అక్కడ నాలుగు గంటలకో ఆరు గంటలకో ఒకసారి చూస్తారు. చూసే సిస్టర్‌కి ఇంకా బోలెడు మంచాలున్నాయి.

విజన్ అనే పెద్ద పరిశీలన ఫలితాలు 2019లో వచ్చాయి. గుండె ఆపరేషన్లు కాక వేరే ఆపరేషన్లు చేయించుకున్న 45 ఏళ్ళు పైబడినవాళ్ళు 40,004 మందిని, 14 దేశాల్లో, నెల రోజులు వెంబడించి చూశారు. ఆ నెలలో 715 మంది చనిపోయారు. అందులో థియేటర్లో పోయినవాళ్ళు ఐదుగురు. మళ్ళీ చెప్తాను, ఐదుగురు. 500 మంది ఆపరేషన్ తర్వాత ఆసుపత్రిలో ఉండగా పోయారు. 210 మంది డిశ్చార్జి అయి ఇంటికెళ్ళాక పోయారు. చావుల్లో సగానికి దగ్గరగా మూడే కారణాలు: పెద్ద రక్తస్రావం, గుండె కండరం దెబ్బతినడం, ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకడం. మూడూ గంటల తరబడి, రోజుల తరబడి నెమ్మదిగా ముదిరేవే.

ఈ అంకెలు వచ్చిన ఏడాదే చదివాను. జూనియర్లకి బోర్డు మీద రాసి పాఠం కూడా చెప్పాను. చదివింది బుర్రకెక్కడానికి మాత్రం ఇంకో రెండేళ్ళు పట్టింది.

నాన్న బాత్రూంలో జారిపడ్డారు. ఎనభై ఒక్కేళ్ళు, తుంటి ఎముక విరిగింది. చేర్పించింది నేను పనిచేసే చోట కాదు, అక్కడ నేను పేషెంటు కూతుర్ని మాత్రమే. అయినా డాక్టరు బుర్ర ఊరుకోదు కదా. మత్తు ఎవరిస్తారో కనుక్కున్నాను. నడుముకి ఇంజెక్షనా, పూర్తి మత్తా అని అన్నయ్యతో గంటసేపు వాదించాను. పెద్దవయసు వాళ్ళకి నడుముకే మేలని చదువుకున్న రోజుల నుంచీ నాటుకుపోయిన నమ్మకం. పాత ఈసీజీలు, బీపీ మాత్రల చీటీలు తేదీల వరసన ఫైల్లో పెట్టాను. థియేటర్‌కి తీసుకెళ్ళేముందు ఆయన కళ్ళద్దాలు, చెవి మిషన్ ఎక్కడైనా పోతాయేమోనని తీసి నా బ్యాగులో భద్రంగా వేసుకున్నాను. గంటన్నరలో ఆపరేషన్ అయిపోయింది. బీపీ నిలకడగా ఉంది, రక్తం పెద్దగా పోలేదు. సర్జన్ బయటికొచ్చి అంతా బాగా జరిగిందన్నారు. “గండం గడిచిందమ్మా” అని అమ్మకి ఫోన్ చేసింది నేనే.

రెండో రాత్రి ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాను.

తెల్లారి వెళ్ళేసరికి నాన్న రెండు చేతులూ మంచం కడ్డీలకి కట్టేసి ఉన్నాయి. సూది పీకేసుకున్నారట. గోడల మీంచి నీళ్ళు కారుతున్నాయంటున్నారు. నన్ను తన అక్క పేరుతో పిలిచారు. సంధి, అంటే ఉన్నట్టుండి కొన్నాళ్ళు మతి చెదిరిపోవడం. చార్టు తీసి చూశాను. రాత్రి 10 గంటలకి ఆక్సిజన్ 94. 11కి మార్ఫిన్ ఇంజెక్షన్ ఇచ్చినట్టు సంతకం, ఊపిరిని మందగింపజేసే మందు అది. ఆ తర్వాతి అంకె ఉదయం 6కి, 84. మధ్యలో ఎనిమిది గంటలు ఖాళీ గడులు. 84కి ఎప్పుడు పడిందో, ఎంతసేపు అక్కడ ఉందో చెప్పేవాళ్ళు లేరు. ఆ రాత్రి డ్యూటీ సిస్టర్‌ని తిట్టే హక్కు నాకు లేదు. ఆమె ఒక్కర్తే, వార్డు నిండా మనుషులు. కళ్ళద్దాలూ చెవి మిషనూ మాత్రం రెండు రోజులుగా నా బ్యాగులోనే, మా ఇంట్లో ఉన్నాయి. చీకట్లో, కొత్త చోట, కంటికి ఆనక, చెవికి వినబడక, ఒంట్లో మార్ఫిన్‌తో ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు. ఆ ఏర్పాటులో నా చెయ్యి కూడా ఉంది.

నాన్న కోలుకున్నారు. సంధి దిగడానికి ఐదు రోజులు పట్టింది. ఇంటి లెక్కలన్నీ నోటితో చేసే మనిషి, ఆ తర్వాత కాగితం లేనిదే చెయ్యలేకపోయారు.

ఖాళీ గడుల సంగతి మా నాన్న ఒక్కరిదే అనుకుంటే పొరపాటు. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో, వార్డులో ఉన్న 833 మంది వేళ్ళకి ఎడతెగకుండా కొలిచే క్లిప్పులు పెట్టి, ఆ అంకెలు డాక్టర్లకీ నర్సులకీ కనబడకుండా ఉంచారు. 37 శాతం మందికి ఆక్సిజన్ ఒక్కసారైనా గంటకి పైగా 90 కింద ఉండిపోయింది. చార్టులు తిరగేస్తే అలాంటివాటిలో 90 శాతం ఎక్కడా నమోదు కాలేదు. ఇందులో ఒక మెలిక ఉంది. సిస్టర్ వచ్చి, లేపి, “బాబాయిగారూ, ఎలా ఉంది?” అని అడిగి క్లిప్పు పెడుతుంది. లేచిన మనిషి నాలుగుసార్లు గట్టిగా ఊపిరి తీసుకుంటాడు, అంకె 95 చూపిస్తుంది. ఆమె వెళ్ళిపోతుంది, అతను నిద్రలోకి జారతాడు, అంకె మళ్ళీ పడిపోతుంది. చార్టులో 95 అని నిజాయితీగానే రాసి ఉంటుంది.

గుండె సంగతి ఇంకా మోసం. 2014లో విజన్ బృందమే చెప్పింది: ఆపరేషన్ తర్వాత గుండె కండరం దెబ్బతిన్నవాళ్ళలో 84 శాతం మందికి ఛాతీలో నొప్పి లాంటి లక్షణాలు ఏవీ లేవు. ఎలా ఉంటాయి? నొప్పి తెలియకుండా మందులిచ్చింది మనమే కదా. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ కోసం పరీక్ష చేస్తే తప్ప దొరకదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కుదిపిన పేపరు మాత్రం ఇంకా పాతది, 2009 నాటిది. అమెరికాలో 84,730 మంది రోగుల వివరాలు తీసుకుని, మరణాలు తక్కువున్న ఆసుపత్రుల్నీ ఎక్కువున్న ఆసుపత్రుల్నీ పక్కపక్కన పెట్టారు. మంచి ఆసుపత్రుల్లో కాంప్లికేషన్లు తక్కువ ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. అలా లేదు, రెండు చోట్లా ఇంచుమించు ఒకే రేటు, నలుగురిలో ఒకరికి. చావులు మాత్రం ఒకచోట 3.5 శాతం, ఇంకోచోట 6.9. రక్తస్రావం రెండు చోట్లా అయింది, న్యుమోనియా రెండు చోట్లా వచ్చింది. ఒకచోట ఎవరో తొందరగా చూశారు, ఫోన్ చేశారు, ఫోన్ ఎత్తినవాళ్ళు వచ్చారు. ఇంకోచోట తెల్లారింది.

మరి ఈ ఇరవై ఏళ్ళూ మా పరిశోధకులు ఏం చేస్తున్నట్టు? నిజాయితీగా చెప్పాలంటే, ఎక్కువ భాగం థియేటర్లో గడిచే ఆ రెండు గంటల మీదే కూర్చున్నాం. మత్తు మరీ లోతుగా ఉంటే ముసలివాళ్ళు ఏడాదిలోపే చనిపోతారేమో అన్న అనుమానం చాలాకాలం నడిచింది. 6,644 మంది మీద పరీక్షించి 2019లో తేల్చారు, లోతు వల్ల తేడా రాలేదని. మెదడు తరంగాలు చూస్తూ మత్తు తగ్గించి ఇస్తే సంధి రాదేమో అని 1,232 మంది మీద చూశారు. అదే ఏడాది జవాబు వచ్చింది, సంధి తగ్గలేదు. నేను అన్నయ్యతో గంటసేపు వాదించిన నడుము ఇంజెక్షన్ కథకీ 2021లో తెర పడింది. తుంటి విరిగిన 1,600 మందిలో సగం మందికి అదీ, సగం మందికి పూర్తి మత్తూ ఇచ్చారు. రెండు నెలల్లో చనిపోయినవాళ్ళూ నడవలేకపోయినవాళ్ళూ కలిపి ఒకవైపు 18.5 శాతం, ఇంకోవైపు 18.0. సంధి కూడా సమానమే. ఆ గంటా వాదించకుండా ఒక ఖరీదు లేని పని చేసి ఉండొచ్చు, రాత్రికి చెవి మిషన్ పెట్టి ఉండొచ్చు. 1999లోనే షారన్ ఇనూయె బృందం ఆసుపత్రిలో చేరిన 852 మంది పెద్దవాళ్ళ మీద చూపించింది. కళ్ళద్దాలు, చెవి మిషన్ అందించడం, రాత్రి నిద్ర చెడగొట్టకపోవడం, మంచం దింపి నడిపించడం, నీళ్ళు తాగించడం లాంటి పనులతోనే సంధి 15 శాతం నుంచి 9.9కి దిగింది. వాళ్ళు ఆపరేషన్ రోగులు కారనుకోండి. కానీ దారి అటే ఉందని తర్వాతి పరిశోధనలూ చెప్తున్నాయి.

ఇక్కడ ఒక మాట పక్కకెళ్ళి చెప్పాలి. తేడా రాలేదు అని తేల్చే ఇలాంటి పెద్ద, విసుగు పుట్టించే పరీక్షలంటే నాకు గౌరవం. ఎందుకంటే అందమైన ఫలితాలు మా రంగాన్ని ఒకసారి ఘోరంగా ముంచాయి. యోషితాక ఫుజీ అనే జపాన్ మత్తు డాక్టరు ఆపరేషన్ తర్వాత వాంతులు ఆపే మందుల మీద పేపర్ల మీద పేపర్లు రాశాడు. 2000లోనే కొందరు డాక్టర్లు ఒక పత్రికకి ఉత్తరం రాశారు, ఈ అంకెలు నమ్మలేనంత చక్కగా ఉన్నాయని. పట్టించుకున్నవాళ్ళు లేరు. 2012లో జాన్ కార్లైల్ అనే ఇంగ్లండు మత్తు డాక్టరు లెక్కకట్టి ఆ అంకెలు సహజంగా రావడం అసాధ్యమని చూపించాడు. అదే ఏడాది జపాన్ మత్తు డాక్టర్ల సంఘం 172 పేపర్లు కల్పితాలని తేల్చింది. చదువుకునే రోజుల్లో అందులో కొన్నిటిని నేనూ పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకుని ఉంటాను. ఇంకో ఉదాహరణ బీటా బ్లాకర్లు. ఆపరేషన్ ముందు గుండె వేగం తగ్గించే మాత్ర ఇస్తే గుండెకి రక్ష అని అందరం నమ్మాం, ఇచ్చాం. 2008లో 8,351 మంది మీద చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. గుండెపోట్లు తగ్గిన మాట నిజమే, పక్షవాతాలూ చావులూ పెరిగాయి. ఇంత పెద్ద పరీక్ష లేకుండా ఎన్నేళ్ళు ఇచ్చామో తల్చుకుంటే కడుపులో తిప్పుతుంది.

కడుపు అంటే గుర్తొచ్చింది. బల్ల మీది భయం మనచేత ఏమేం చేయిస్తుందో చూడాలంటే ఆపరేషన్ ముందు రాత్రి చూడాలి.

“రాత్రి 12 తర్వాత ఏమీ తినకూడదు, మంచినీళ్ళు కూడా ముట్టకూడదు.” ఇది వినని పేషెంటు ఉండరు. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయం. మామూలుగా పొలమారితే దగ్గి బయటికి తోసేస్తాం. మత్తులో ఆ దగ్గు ఉండదు. భయం నిజమైనదే. 1946లో కర్టిస్ మెండెల్సన్ అనే డాక్టరు న్యూయార్క్‌లో 44,016 ప్రసవాల రికార్డులు వెతికి, మత్తులో అలా పొలమారినవాళ్ళని 66 మందిని కనుక్కున్నాడు. కుందేళ్ళ ఊపిరితిత్తుల్లో ఆమ్లం పోసి అది ఎంత నాశనం చేస్తుందో చూపించాడు. ఆ 66 మందిలో చనిపోయింది ఇద్దరు. ఇద్దరికీ అడ్డుపడింది గట్టి ఆహారం. నీళ్ళు తాగి పోయినవాళ్ళు అందులో లేరు. అప్పట్లో గొంతులో గొట్టం వేయకుండా మాస్కుతోనే మత్తిచ్చేవాళ్ళన్నది కూడా గుర్తుంచుకోవాలి. కానీ రాసుకునేవాళ్ళకి సులువుగా ఉంటుందని గట్టిదీ ద్రవమూ ఒకే గాట కట్టేశారు. అందరికీ అర్ధరాత్రి, అన్నిటికీ అర్ధరాత్రి.

తమాషా ఏమిటంటే అంతకు అరవై ఏళ్ళ ముందే జోసెఫ్ లిస్టర్ అనే బ్రిటిష్ సర్జన్ సరిగ్గా చెప్పాడు. కడుపులో గట్టి పదార్థం ఉండకూడదు గానీ, క్లోరోఫామ్‌కి రెండు గంటల ముందు ఒక కప్పు టీ ఇస్తే మేలని 1883లో రాశాడు. నీళ్ళు కడుపులో నిలవవు. తాగిన దాంట్లో సగం పది ఇరవై నిమిషాల్లో కిందికి దిగిపోతుంది. 1986లో కెనడాలో మాల్ట్బీ బృందం ఆపరేషన్‌కి రెండు మూడు గంటల ముందు 150 మిల్లీలీటర్ల నీళ్ళు తాగించి, తర్వాత కడుపులో ఎంతుందో లాగి చూసింది. తాగనివాళ్ళ కంటే తాగినవాళ్ళ కడుపులోనే తక్కువుంది! 1999లో అమెరికా మత్తు డాక్టర్ల సంఘం అధికారికంగా రాసేసింది: నీళ్ళు, పాలు కలపని టీ కాఫీల్లాంటి తేట ద్రవాలు రెండు గంటల ముందు దాకా తాగొచ్చు, తేలికపాటి తిండి ఆరు గంటల ముందు ఆపాలి. అంటే నూట పదహారేళ్ళు తిరిగి తిరిగి లిస్టర్ టీ కప్పు దగ్గరికే వచ్చి ఆగాం.

ఆగామా? కాగితం మీద ఆగాం. ఆ తర్వాత కాగితం ఇంకా ముందుకెళ్ళింది. పిల్లలకి ఒక గంట ముందు దాకా తేట ద్రవాలు ఇవ్వొచ్చని 2022లో యూరప్ సంఘం చెప్పింది. స్కాట్లాండ్‌లో మొదలైన ఒక పద్ధతిలో, థియేటర్ నుంచి పిలుపు వచ్చేదాకా పెద్దవాళ్ళని గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాగనిస్తున్నారు. వార్డుల్లో మాత్రం ఇంకా 1946 నడుస్తోంది. పొద్దున ఎనిమిదింటి కేసుకీ, మధ్యాహ్నం మూడింటికి వచ్చే ఆరో కేసుకీ ఒకటే అర్ధరాత్రి. ఆ ఆరో మనిషి పదిహేను గంటలు నాలుక పిడచ కట్టుకుని, తలనొప్పితో, టెన్షన్‌తో మంచం మీద పొర్లుతుంటాడు. తీరా మత్తివ్వగానే బీపీ ఢమాలని పడిపోతుంది. అప్పుడు సెలైన్ గబగబా ఎక్కించి సరిచేసి మేం ప్రాణం కాపాడామనుకుంటాం.

ఎందుకు మారదు అంటే నా దగ్గర మర్యాదైన జవాబు లేదు. మారకపోతే డాక్టర్లకి పోయేదేమీ లేదు, దాహం మాది కాదు. కేసుల వరస మార్చుకోవడానికి మాకు వీలుగా ఉంటుంది. ఎవరైనా పొలమారితే “నీళ్ళెందుకు ఇచ్చారు?” అని నిలదీస్తారు, పదిహేను గంటలు ఎండబెట్టినందుకు ఎవరూ నిలదీయరు. బల్ల మీద జరిగేదానికి పేరు పెట్టి లెక్క రాస్తాం, బల్ల దాకా వచ్చేలోపు పడే బాధకి గడి కూడా ఉండదు.

అందరికీ నీళ్ళు పోసేయమని నేననడం లేదు. పేగు మూసుకుపోయినవాళ్ళు, అర్జెంటు కేసులు, కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యేవాళ్ళు వేరు. ఈ చివరి గుంపు ఈమధ్య బాగా పెరిగింది. బరువు తగ్గడానికీ షుగరుకీ వాడే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు కడుపు కదలికనే మందగింపజేస్తాయి. 2023 జూన్‌లో అమెరికా సంఘం వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ ఆపరేషన్‌కి వారం ముందు ఆపమంది. 2024 అక్టోబరుకల్లా కొన్ని సంఘాలు కలిసి మాట మార్చాయి: చాలామంది ఆపక్కర్లేదు, ప్రమాదం ఎక్కువున్నవాళ్ళు ముందురోజంతా ద్రవాహారం మీద ఉంటే సరి, అనుమానముంటే కడుపు మీద అల్ట్రాసౌండ్ పెట్టి చూడండి అని. నాకీ చివరి ముక్క నచ్చింది. గడియారాన్ని అడగడం కంటే కడుపునే అడగడం మేలు కదా.

వీటన్నిటికీ ముందు రాత్రి ఒక మనిషి వెళ్ళి మాట్లాడాలి. మేం చేసేది ఫిట్‌నెస్ ఇవ్వడం. రిపోర్టులు తిప్పి, నోరు తెరవమని, సంతకం పెట్టించుకుని వచ్చేస్తాం, అయిదు నిమిషాలు. భయంగా ఉందంటే మాత్ర రాస్తాం. ఆ మాత్ర సంగతి 2015లో ఫ్రాన్సులో వెయ్యిమందికి పైగా రోగుల మీద చూశారు. లొరాజెపామ్ ఇచ్చినవాళ్ళకి తృప్తి పెరగలేదు సరిగదా, ఆపరేషన్ తర్వాత తేరుకోవడం ఆలస్యమైంది. మాట సంగతి అంతకంటే యాభై ఏళ్ళ ముందే తెలుసు. 1964లో లారెన్స్ ఎగ్బర్ట్ అనే మత్తు డాక్టరు పొట్ట ఆపరేషన్ ఉన్న 97 మందిలో సగం మంది దగ్గర కూర్చుని, రేపు నొప్పి ఎక్కడ వస్తుంది, ఎందుకు వస్తుంది, ఎలా ఒత్తిగిల్లితే తగ్గుతుంది అని చెప్పాడు. వాళ్ళకి ఆపరేషన్ తర్వాత మార్ఫిన్ లాంటి మందుల అవసరం సగానికి తగ్గింది, ఇళ్ళకి కూడా ముందే వెళ్ళారు. ఇలాంటి ఫలితం ఏదైనా కొత్త మందుకి వచ్చి ఉంటే దాన్ని వాడని ఆసుపత్రి ఉండేది కాదు.

నా వాదనకి ఎదురుతిరిగే అంకె ఒకటుంది, దాన్ని దాచిపెడితే తప్పవుతుంది. 2018లో ఆఫ్రికాలోని 25 దేశాల ఆపరేషన్ల లెక్క వచ్చింది. ప్రపంచ సగటుకి రెట్టింపు మరణాలు, చనిపోయినవాళ్ళలో 94 శాతం ఆపరేషన్ రోజు దాటాకే. అయితే కాపలా పెంచుదాం అనుకున్నారు. ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకి నర్సుల బల్లకి ఎదురుగా మంచం, తరచుగా చూడడం, ఇంటివాళ్ళని పక్కన ఉండనివ్వడం. 332 ఆసుపత్రులు, 28,000 మందికి పైగా రోగులు. 2021లో ఫలితం వచ్చింది, మరణాలు తగ్గలేదు. నా తోటి డాక్టరొకాయన ఈ పేపరు పట్టుకొచ్చి “ఇప్పుడేమంటావ్?” అన్నాడు. నేననేది ఇదే: అదనంగా నర్సుల్ని ఇవ్వకుండా ఎక్కువసార్లు చూడమంటే ఆ చేతులెక్కడి నుంచి వస్తాయి? చూసినా, ఫోన్ చేస్తే రావడానికి డాక్టరుండాలి, ఎక్కించడానికి రక్తముండాలి. కాపలా ఒక్కటే చాలదని ఆ పరీక్ష చెప్పింది. ఖాళీ గడులు ఫర్వాలేదని చెప్పలేదు.

నాన్నకి అలా జరిగాక నా పని కొంచెం మార్చుకున్నాను. పెద్దవాళ్ళ కళ్ళద్దాలూ చెవి మిషనూ కవర్లో పెట్టి, పేరు రాసి, రికవరీ గదికి ముందే పంపించేస్తాను. నాలుక చివర మార్ఫిన్ అనే మాట వచ్చినప్పుడల్లా రాత్రి ఆక్సిజన్ ఎవరు చూస్తారని అడుగుతాను. జవాబు లేకపోతే మందు మారుస్తాను. రాత్రి పదింటికి వార్డు చుట్టి వస్తాను, కుదిరిన రోజుల్లో. కుదరని రోజులే ఎక్కువ.

నీళ్ళ గొడవ మాత్రం ఇంకా తేలలేదు. నేను కేస్ షీటులో “ఉదయం 6 వరకు నీళ్ళు ఇవ్వవచ్చు” అని రాస్తే, మర్నాటికి దాన్ని కొట్టేసి “ఏమీ ఇవ్వరాదు” అని ఇంకెవరో రాస్తున్నారు. కిందటి వారం రాత్రి పదకొండింటికి వార్డు నుంచి ఫోన్.

“మేడమ్, ఏడో మంచం పెద్దాయన నీళ్ళడుగుతున్నారు. ఇక్కడ రెండు రకాలుగా రాసుంది.”

“ఇవ్వండి సిస్టర్. ఆరింటి దాకా ఎంతడిగితే అంత.”

కాసేపు మాట లేదు. కాగితం తిప్పుతున్న చప్పుడు.

“సరే మేడమ్. మీరు చెప్పారని, మీ పేరూ టైమూ రాసుకుంటున్నాను.”